లోకల్ వాళ్లు వద్దంట

మొన్న ఆదివారం మా చిన్నాన్న కొడుకుని హైదరాబాద్ బండి ఎక్కించడానికి ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లాను. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, మాకు మాత్రం ఎప్పుడూ ఆమదాలవలసే. విశాఖ ఎక్స్‌ప్రెస్ భువనేశ్వర్ నుంచి వస్తుంది. జనరల్ బోగీ ఆగే చోట మనవాళ్లు ఓ ముప్పై మంది బ్యాగులతో నిలబడి ఉన్నారు. బండి ఆగగానే అందులోంచి ఒడిశా కుర్రాళ్లు పది పన్నెండు మంది దిగారు. ఒక్కొక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ బకెట్, అందులో కుక్కిన బట్టలు, చంకలో చుట్టిన చాప. వాళ్ల కోసం వచ్చిన సర్దార్, అంటే కూలీల మేస్త్రీ, ప్లాట్‌ఫాం మీదే తలలు లెక్కపెట్టుకుని, బయట రెండు ఆటోల్లో ఎక్కించాడు. వాళ్లు లేచిన చోటే మా తమ్ముడు కూర్చున్నాడు. కిటికీలోంచి ఆవకాయ డబ్బా అందించాను.

ఆ కుర్రాళ్లు ఎక్కడికని ఆటో అతన్ని అడిగాను. మా జిల్లాలోనే ఉన్న పైడిభీమవరం కంపెనీలకట. మూడు నెలల కింద మా తమ్ముడు ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్ పట్టుకుని గేటు గేటుకీ తిరిగింది అక్కడే.

ఒక గేటు దగ్గర సెక్యూరిటీ అతను, పాపం అతనిదీ మా మండలమే, పక్కకి పిలిచి చెప్పాడట: "లోకల్ వాళ్లని తీసుకోవట్లేదు తమ్ముడూ. ఆధార్‌లో ఊరు చూసి పక్కన పెట్టేస్తున్నారు. ఊరికే తిరక్కు." మా చిన్నమ్మకి ఇది ఇప్పటికీ అర్థం కాదు. "గంట దూరంలో కంపెనీ ఉంటే రాత్రంతా రైల్లో కూర్చుని ఎల్లిపోవడం ఏటి బాబూ" అని స్టేషన్‌కి బయల్దేరేటప్పుడు కూడా అడిగింది. నేను జవాబు చెప్పలేదు. జవాబు నాకు బాగా తెలుసు. అందుకే ఈ పోస్ట్.

నేను మూడేళ్లు ఒక ఫార్మా యూనిట్‌లో పనిచేశాను. కంపెనీలో కాదు, కంపెనీకి మనుషుల్ని సప్లై చేసే కాంట్రాక్టర్ దగ్గర, టైం ఆఫీసులో. హాజరు ఎక్కించడం, ఓటీ (ఓవర్‌టైం) లెక్క కట్టడం, గేట్ పాసులు ఇవ్వడం నా పని. పాసులు రెండు రంగుల్లో ఉండేవి. కంపెనీ రోల్స్ మీద ఉన్నవాళ్లకి నీలం, కాంట్రాక్ట్ వాళ్లకి పసుపు. క్యాంటీన్‌లో టేబుళ్లు కూడా వేరే. ఒకే రియాక్టర్ దగ్గర, ఒకే వాసన పీలుస్తూ, ఒకే షిఫ్టులో పనిచేసే ఇద్దరి జీతానికి మధ్య సగానికి సగం తేడా ఉండేది. పొద్దున ఆరింటికి బస్సు దిగి గేటు వైపు నడిచే జనంలో పసుపు పాసులే ఎక్కువ కనిపించేవి.

ఆ ఆఫీసులో మా కాంట్రాక్టర్ ఒక్కడే, ఫర్ములు మాత్రం మూడు. ఒకటి ఆయన పేరు మీద, ఒకటి భార్య పేరు మీద, ఒకటి బావమరిది పేరు మీద. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మంది, అంతకంటే ఎక్కువ మందిని పెట్టుకున్న కాంట్రాక్టర్‌కి వర్తించేది. కాబట్టి కాగితం మీద ఒక్కో ఫర్ములో ఎంతమంది ఉండాలో మీరే ఊహించుకోండి. ఒక మనిషి ఈ ఏడాది ఒక ఫర్ములో, వచ్చే ఏడాది ఇంకో ఫర్ములో. మనిషి కదలడు, మెషీన్ కదలదు, కాగితం మాత్రం మారుతుంది. కొత్త ఫర్ములోకి మారిన ప్రతిసారీ ఆ మనిషి ఆ రోజే కొత్తగా చేరినట్టు లెక్క.

సెంట్రిఫ్యూజ్ దగ్గర హెల్పర్‌గా ఒకాయన ఉండేవాడు. రణస్థలం పక్క ఊరు. ఏడేళ్లు అదే చోట పనిచేశాడు. నడుం పట్టేసి మానేస్తున్నప్పుడు గ్రాట్యుటీ అడగడానికి వచ్చాడు. ఎవరో చెప్పారట, ఐదేళ్లు దాటితే వస్తుందని. చట్టం అదే చెబుతుంది. నన్ను రికార్డు తీయమన్నారు. తీశాను. మూడు ఫర్ములు, ఒక్కోదాంట్లో రెండేళ్లు, రెండున్నరేళ్లు. ఎక్కడా ఐదు లేదు. ఆ కాగితం ప్రింట్ తీసి ఆయన చేతికి ఇచ్చింది నేనే. ఆయన చదవలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మరి నేను ఏడేళ్లూ ఎక్కడున్నట్టు బాబూ" అన్నాడు. తర్వాత ఐదు నెలలకి నేను ఆ ఉద్యోగం మానేశాను.

ఇక లోకల్ వాళ్లు ఎందుకు వద్దో చెబుతాను. ఇవి నేను విన్న మాటలు, మీటింగుల్లో టీ తాగుతూ మామూలుగా చెప్పుకునే మాటలు. లోకల్ అయితే కోతల టైంలో రాడు. ఊళ్లో అమ్మవారి పండగంటే మూడు రోజులు సెలవు అంటాడు. పిల్లకి జ్వరం అంటే ఇంటికి పరుగెడతాడు. ఎనిమిది గంటలు అయ్యాక బస్సు టైం అయిందని గేటు దగ్గర నిలబడతాడు. ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఓటీకి రెట్టింపు జీతం ఇవ్వాలని ఊళ్లో ఎవరో ఒకరు వాడికి చెప్పి ఉంటారు. అన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. ప్రమాదంలో లోకల్ మనిషి పోతే ఊరు ఊరంతా వచ్చి గేటు ముందు కూర్చుంటుంది. నష్టపరిహారం తేలేదాకా శవాన్ని కదలనివ్వదు. ఎమ్మెల్యే వస్తాడు, టీవీ వాళ్లొస్తారు.

బయటి రాష్ట్రం కుర్రాడైతే ఈ గొడవేమీ లేదు. కంపెనీ వెనక రేకుల షెడ్డులో ఎనిమిది మందికి ఒక గది. పన్నెండు గంటలు చేయమంటే చేస్తాడు, ఎందుకంటే పని అయ్యాక వెళ్లడానికి ఇల్లు లేదు. సర్దార్ దగ్గర ముందే అడ్వాన్స్ తీసుకుని వచ్చాడు కాబట్టి మధ్యలో మానలేడు. భాష రాదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేడు. పోతే అంబులెన్సులో పంపించేస్తారు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. రాష్ట్రమంతా కదిలింది, కదలాలి కూడా. ఒకట్రెండు రోజుల్లోనే పరవాడలో ఇంకో ఫార్మా యూనిట్‌లో ప్రమాదం జరిగింది. కాలిపోయినవాళ్లలో జార్ఖండ్ కూలీలు ఉన్నారు. ఆ సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది? 2025 జూన్ 30న హైదరాబాద్ దగ్గర పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా చనిపోయారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది. డీఎన్‌ఏ పరీక్షలు చేసి శరీరాలు అప్పగించారు. ఎనిమిది మందివైతే అసలు దొరకనే లేదు. ఆ సమయంలో లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. టైం ఆఫీసులో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, కాంట్రాక్ట్ మనుషుల లెక్క ఎక్కడైనా అలాగే ఉంటుంది.

ఒడిశా కుర్రాడు మన ఉద్యోగం తినేశాడని వాట్సాప్ గ్రూపుల్లో రాస్తున్నారు. దయచేసి అలా రాయకండి. మా జిల్లా వాళ్లే ఎన్ని రాష్ట్రాల్లో ఆ ఒడిశా కుర్రాడి స్థానంలో ఉన్నారో చూడండి. శ్రీకాకుళానికి అంత పొడవు తీరం ఉండి కూడా మా గంగపుత్రులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి వేరేవాళ్ల బోట్ల మీద వేటాడతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. 20 మంది ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇల్లు చేరేసరికి 2020 జనవరి అయింది. అదే 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లు తినేదేమిటి? ఇంకో మాట. 2011 జనాభా లెక్కల్లో మా జిల్లాలో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకి 1015 మంది ఆడవాళ్లు. కారణాలు ఎన్నున్నా వలస కూడా అందులో ఉంది. మా ఊళ్లో పగటిపూట వీధిలో నడిస్తే ఆ అంకె కళ్లకి కనిపిస్తుంది.

తమ్ముడు హైదరాబాద్ చేరిన నాలుగో రోజు ఫోన్ చేశాడు. శివార్లలో ఒక కంపెనీలో కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్నారు. ఇంటర్వ్యూ ఏం లేదట. సూపర్‌వైజర్ ఊరు అడిగాడు. శ్రీకాకుళం అనగానే "సరే, మీవాళ్లు సెలవులు అడగరు, రేపటి నుంచి రా" అన్నాడట.

ఇక్కడ ఏ ఊరి పేరు చూసి వద్దన్నారో, అక్కడ అదే ఊరి పేరు చూసి తీసుకున్నారు. వాడి చేతిలోని పని అదే, సర్టిఫికెట్ అదే. మారిందల్లా వాడికీ ఇంటికీ మధ్య దూరం. ఆ దూరం ఎంత ఎక్కువైతే కాంట్రాక్టర్‌కి అంత లాభం. మా జిల్లాలో ఉద్యోగాల సంగతి ఎవరు మాట్లాడినా ముందు ఈ ఒక్క విషయం అర్థం చేసుకుని మాట్లాడాలని నా కోరిక.

2019లో స్థానికులకి 75 శాతం ఉద్యోగాలు అని మన అసెంబ్లీ చట్టం చేసింది. అప్పుడు నేను టైం ఆఫీసులోనే ఉన్నాను. మా దగ్గర ఒక్క పాసు రంగు కూడా మారలేదు. ఇలాంటి చట్టాన్నే హర్యానా చేస్తే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. అసలు కంపెనీకి దూరం నుంచి వచ్చిన మనిషి చవక అయినంతకాలం ఏ శాతం పెట్టినా ఏదో దారి వెతుక్కుంటారు. వలస వచ్చినవాడికీ చట్టం చెప్పిన కూలి, రెట్టింపు ఓటీ, వారానికి ఒక సెలవు ఖచ్చితంగా ఇవ్వాల్సి వస్తే, అప్పుడు గేటు దగ్గర ఊరి పేరు ఎవడూ అడగడు. ఒడిశా కుర్రాడి జీతం పెరిగితేనే మా తమ్ముడికి ఇక్కడ ఉద్యోగం వస్తుంది. ఈ మాట మా ఊళ్లో చెబితే విచిత్రంగా చూస్తారు, అయినా చెబుతూనే ఉంటాను.

దాని కోసం కొత్తగా ఏం కనిపెట్టక్కర్లేదు. ఒడిశాలో దాదన్ కూలీల (అడ్వాన్స్ ఇచ్చి బయటి రాష్ట్రాలకి తీసుకెళ్లే కూలీల) దోపిడీ చూసే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చారు. రాను పోను చార్జీలు, వచ్చేముందు సగం నెల జీతం అలవెన్సు, ఉండటానికి చోటు ఇవన్నీ అందులో రాశారు. మా ఆఫీసులో ఒక్కరికైనా ఆ అలవెన్సు ఇచ్చినట్టు నేను లెడ్జర్‌లో రాయలేదు. ఇప్పుడు ఆ చట్టం, 1970 చట్టం రెండూ కలిసి కొత్త లేబర్ కోడ్‌లోకి వెళ్లిపోయాయి. 2025 నవంబరు 21 నుంచి కొత్త కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలన్నారు, చాలా మంచిది. కానీ కాంట్రాక్టు కార్మికుల నియమాలు వర్తించే హద్దుని 20 నుంచి 50కి పెంచారు. మూడు ఫర్ములతో నెట్టుకొచ్చిన మా పాత కాంట్రాక్టర్‌కి ఇప్పుడు ఆ మూడు ఫర్ములూ ఇంకా పెద్దవి చేసుకునే వీలు దొరికింది. పైగా 2025లోనే మన రాష్ట్రం ఫ్యాక్టరీ పనిగంటల్ని రోజుకి 10 దాకా పెంచుకునేలా మార్పు తెచ్చింది. పది గంటల పని, రాను పోను బస్సులో రెండు గంటలు. ఊళ్లో ఇల్లు, పిల్లలు ఉన్నవాడు దీన్ని ఎలా నెగ్గుకొస్తాడు? ఇది కూడా దూరం నుంచి వచ్చినవాడికే అనుకూలం.

మా కుర్రాళ్లు సోమరులు, గవర్నమెంట్ ఉద్యోగం తప్ప వేరేది చెయ్యరు అనే మాట కూడా చాలాసార్లు విన్నాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి 3 లక్షల 30 వేల మందికి పైగా అప్లై చేశారు. నిజమే, చాలామంది. కానీ ఆ ఉద్యోగంలో ఏముందో చూడండి. చేరిన తేదీ మారదు. పేస్లిప్ మీద నిజమైన యజమాని పేరుంటుంది. నడుం పట్టేస్తే ఏడేళ్లు ఎక్కడున్నావని అడగరు. ఈ మూడూ పైడిభీమవరంలో ఇస్తే కోచింగ్ సెంటర్లు సగం ఖాళీ అవుతాయి.

నిరుద్యోగం ఎంతుందో ప్రతి నెలా లెక్కలు వస్తున్నాయి. వారంలో ఒక్క గంట పని దొరికినా ఆ లెక్కలో ఉద్యోగి కిందే వస్తాడు. కొలవడానికి ఏదో ఒక పద్ధతి ఉండాలి, దాన్ని తప్పనను. కానీ విశాఖ భాగస్వామ్య సదస్సులో 16 లక్షల ఉద్యోగాలు అని ప్రకటించినప్పుడు నాకు ఒకటే అడగాలనిపించింది. అందులో నీలం పాసులు ఎన్ని, పసుపు పాసులు ఎన్ని? భూమి ఇచ్చేటప్పుడు, నీళ్లు, కరెంటు రాయితీలు ఇచ్చేటప్పుడు ఈ రెండు అంకెలూ విడివిడిగా రాయించుకుంటే ఏం పోతుంది? రాయితీ డబ్బు మనదే కదా.

అందుకని నేనో పని మొదలుపెట్టాను. మా జిల్లాలో ఫ్యాక్టరీ వారీగా కంపెనీ రోల్స్ మీద ఎంతమంది, కాంట్రాక్టర్ల కింద ఎంతమంది, ఆ కాంట్రాక్టర్ల పేర్లేమిటి, గత ఐదేళ్లలో ఎన్నిసార్లు తనిఖీ చేశారు అని ఫ్యాక్టరీల శాఖకి, కార్మిక శాఖకి ఆర్టీఐ అర్జీలు రాశాను. రేపు పోస్టు చేస్తున్నాను. జవాబు ఏం వచ్చినా, రాకపోయినా, ఇక్కడే పెడతాను. విజయనగరం, అనకాపల్లి వాళ్లు ఎవరైనా అడగాలనుకుంటే మెసేజ్ చేయండి, అర్జీ కాపీ పంపిస్తాను, కంపెనీ పేరు మార్చుకుంటే చాలు. ఏడేళ్లు పనిచేసిన ఆ హెల్పర్ ఊరికి కూడా ఈ వారం వెళ్తున్నాను. ఆయన మూడు ఫర్ముల పీఎఫ్ కాగితాలు ఇంకా దాచి ఉంటే, వాటిని ఒక లాయర్‌కి చూపించాలి.