హాలిఫాక్స్‌లో చూడ్డానికేముంది అనేవాళ్ళకి

మొన్న రాత్రి మా ఫ్లాట్ వంటగదిలో, కెనడా తూర్పు తీరంలో ఉన్న ఈ ఊరికి చదువుకోడానికి వచ్చి మూడు వారాలైన జూనియర్ అమ్మాయి అడిగింది, "అక్కా, హాలిఫాక్స్‌లో చూడ్డానికేముంది?" అని. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న అబ్బాయి చెప్పేశాడు. "ఏం లేదు. ఒక ఆదివారం ఆ లైట్‌హౌస్ ఉన్న పెగ్గీస్ కోవ్ వెళ్ళి ఫోటోలు దిగిరా, అయిపోయింది. చూడాలంటే టొరంటో వెళ్ళాలి." అతను వచ్చి ఏడాదిన్నర. హార్బర్ మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరం.

అప్పుడేమీ అనలేకపోయాను. పొద్దున లేచాక కూడా ఆ మాట వదల్లేదు, అందుకే రాస్తున్నాను. నేను వచ్చిన కొత్తలో నాకూ ఒకరు అచ్చం ఇలాగే చెప్పారు. నమ్మాను. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ ఊళ్ళో నాకు తెలిసినవి నాలుగే: గది, బస్సు, క్లాసు, షిఫ్టు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడేది. సముద్రమున్న ఊళ్ళో ఉంటున్నానన్న సంగతి, పొగమంచు పట్టిన రోజుల్లో ఓడ కూత వినబడితే తప్ప గుర్తొచ్చేది కాదు. ఆ ఎనిమిది నెలలు నాకు తిరిగి రావు. ఆ పిల్లకీ అలా జరక్కూడదని నా ఆరాటం.

ఏప్రిల్‌లో ఒక రోజు షిఫ్టు రద్దయింది. గదికెళ్ళ బుద్ధి కాక రేవు వైపు నడిచి, అవతలి ఒడ్డున ఉన్న డార్ట్‌మత్‌కి ఫెర్రీ ఎక్కాను. స్టూడెంట్ బస్ పాస్ ఫెర్రీలో కూడా చెల్లుతుందని అప్పటిదాకా తెలియదు. ఫీజుతో పాటే కట్టేసిన పాస్ అది, అన్ని నెలలూ నా జేబులోనే ఉంది. ప్రయాణం పది పన్నెండు నిమిషాలు. పై డెక్ మీద చలి కోసేస్తోంది. కానీ ఒడ్డు వెనక్కి జరుగుతున్న కొద్దీ ఊరి ఆకారం మొదటిసారి నా కళ్ళకి కట్టింది. ఎడమవైపు మెక్‌డొనాల్డ్ వంతెన. కుడివైపు జార్జెస్ దీవి, దాని వెనక అట్లాంటిక్‌లోకి తెరుచుకున్న దారి. నా చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం తల కూడా ఎత్తకుండా కూర్చున్నారు, ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే దారి కదా వాళ్ళకి. ఈ రెండు ఒడ్ల మధ్య 1752 నుంచీ ఫెర్రీ నడుస్తోంది. ఉప్పునీటి మీద నడిచే ఫెర్రీల్లో ఉత్తర అమెరికాలో ఇదే పాతదట.

ఆ రోజు అటూ ఇటూ నాలుగు సార్లు తిరిగాను.

ఊరిని నీళ్ళ మీద నుంచి చూశాక నాకు ప్రశ్నలు మొదలయ్యాయి. అసలు ఇక్కడెందుకు ఊరు కట్టారు? జవాబు హార్బర్ ఆకారంలోనే ఉంది. సముద్రం నుంచి లోపలికొచ్చే దారి మధ్యలో సన్నబడుతుంది, దాన్ని నారోస్ అంటారు, అది దాటగానే బెడ్‌ఫర్డ్ బేసిన్ పెద్ద చెరువులా విచ్చుకుంటుంది. చలికాలంలో కూడా ఓడలు వచ్చిపోవచ్చు. బ్రిటిష్‌వాళ్ళు 1749లో వచ్చి హాలిఫాక్స్ అని పేరు పెట్టకముందే ఇది మిక్మాక్ అనే ఆదివాసీ ప్రజల నేల. వాళ్ళ భాషలో దీని పేరుకి అర్థం 'పెద్ద రేవు'. ఆ పేరే ఇంగ్లీషువాళ్ళ నోట చెబుక్టో అయి, ఇప్పటికీ ఒక రోడ్డు బోర్డు మీద మిగిలింది. ఆ రోడ్డు మీదుగా వెళ్ళే బస్సులో నేను ఎన్నిసార్లు తిరిగానో. ఒక్కసారి కూడా ఆ మాటేమిటని అడగలేదు.

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ యూరప్ వెళ్ళే ఓడల్ని బేసిన్‌లోనే గుంపుగా చేర్చి పంపించేవారు. 1917 డిసెంబరు 6 ఉదయం, పేలుడు పదార్థాలు నింపుకుని లోపలికొస్తున్న ఫ్రెంచి ఓడ మోంట్ బ్లాంక్‌కీ, బయటికి వెళ్తున్న నార్వే ఓడ ఇమోకీ నారోస్‌లో ఢీ అయింది. మంటలు లేచాయి. ఆ పొగని చూడ్డానికి జనం కిటికీల దగ్గరికొచ్చారు, పిల్లలు బడికెళ్తూ ఆగిపోయారు. తొమ్మిది దాటి నాలుగు నిమిషాలకి ఓడ పేలింది. దాదాపు 2,000 మంది చనిపోయారు, 9,000 మంది గాయపడ్డారు. కిటికీ అద్దాలు గుచ్చుకుని ఎందరికో చూపు పోయింది. మర్నాడే మంచు తుఫాను.

పేలుడుకి ముందు, ఆ ఓడలో ఏముందో తెలిసిన రైల్వే తంతి ఉద్యోగి విన్స్ కోల్‌మన్ పారిపోబోయి మళ్ళీ వెనక్కొచ్చాడు. ప్రయాణికుల రైలు ఊళ్ళోకి వస్తోంది, దాన్ని ఆపమని తంతి కొట్టి, ఇదే నా చివరి సందేశమేమో అని కూడా చెప్పి, అక్కడే చనిపోయాడు. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను లైబ్రరీలో ఉన్నాను. పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మోంట్ బ్లాంక్ లంగరు ముక్క ఒకటి, 500 కిలోలకి పైనే బరువుంటుంది, దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరం ఎగిరిపడింది. అది ఆర్మ్‌డేల్ అనే పేటలో ఇప్పటికీ ఉంది. బాస్టన్ ఊరు ఆ రాత్రికి రాత్రే డాక్టర్లతో, మందులతో రైలు పంపింది. అందుకు కృతజ్ఞతగా మన ఊరున్న రాష్ట్రం నోవా స్కోషియా 1971 నుంచీ ఏటా బాస్టన్‌కి ఒక పెద్ద క్రిస్మస్ చెట్టు పంపుతోంది. ప్రతి డిసెంబరు 6న ఫోర్ట్ నీడమ్ గుట్ట మీద గంటలు మోగుతాయి. కిందటేడు వెళ్ళాను. ముసలివాళ్ళు, బడిపిల్లలు, యూనిఫామ్‌లో ఫైర్‌వాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నేను పరాయిదాన్ననిపించలేదు నాకు, ఈ ఊళ్ళో మొదటిసారి.

ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానానికి కూడా వెళ్ళండి. టైటానిక్ మునిగాక శవాల కోసం మొదటి ఓడలు బయల్దేరింది ఇక్కడి నుంచే. 150 మందిని ఈ ఊళ్ళోనే పూడ్చారు, అందులో 121 మంది ఈ శ్మశానంలో ఉన్నారు. చాలా రాళ్ళ మీద పేరు లేదు, ఒక నంబరూ 1912 ఏప్రిల్ 15 అన్న తేదీ మాత్రమే. ఒక పసివాడి సమాధికి, వాణ్ణి నీళ్ళలోంచి తీసిన ఓడ సిబ్బందే సొంత డబ్బుతో రాయి పెట్టించారు. వాడి పేరు సిడ్నీ గుడ్విన్ అని, పందొమ్మిది నెలలవాడని 2007లో గానీ తేలలేదు. ఆ రాయి చుట్టూ ఎప్పుడూ బొమ్మలుంటాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటు. ఆఫ్రిక్‌విల్. పేరు విన్నవాళ్ళు మా క్లాసులో ముగ్గురు కూడా లేరు. బేసిన్ ఒడ్డున, ఇప్పుడు మెకే వంతెన ఉన్న దగ్గర, నల్లజాతివాళ్ళు తరతరాలుగా కట్టుకున్న ఊరది. వాళ్ళు పన్నులు కట్టారు. నగరం వాళ్ళకి మంచినీళ్ళ పైపు వెయ్యలేదు, మురుగు కాలువ వెయ్యలేదు, పైగా ఊరి చెత్తంతా తెచ్చి పక్కనే పోసింది. చివరికి 1960ల్లో ఇది మురికివాడ అని ముద్ర వేసి కూల్చేసింది. కొందరి సామాన్లు మోయడానికి పంపింది చెత్త బళ్ళని. వాళ్ళ చర్చిని 1967లో రాత్రికి రాత్రి పడగొట్టారు. నగరం క్షమాపణ చెప్పింది 2010లో. అప్పటి చర్చి నమూనాలోనే ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది.

నేను వెళ్ళిన రోజు గాలి విపరీతంగా ఉంది. గడ్డి, నీళ్ళు, వంతెన మీద లారీల మోత. ఇంతమంది బతుకు ఇంత శుభ్రంగా తుడిచేయొచ్చా అనిపించింది. హాలిఫాక్స్ 'అందమైన, ప్రశాంతమైన చిన్న ఊరు' అని యూనివర్సిటీ బ్రోషర్లలో చదివి వచ్చాం మనం. అది అబద్ధం కాదు. కానీ ఎవరిని పక్కకి నెట్టి ఆ ప్రశాంతత వచ్చిందో తెలియకుండా రెండేళ్ళు ఉండి, డిగ్రీ పట్టుకుని వెళ్ళిపోవడం నాకు సరైన పనిగా అనిపించదు. మనం కూడా ఇక్కడ అద్దె ఇళ్ళ కోసం తిరిగినవాళ్ళమే. మన పేరు వినగానే గొంతు మారిన ఇంటి ఓనర్లు మనకీ తెలుసు.

పెగ్గీస్ కోవ్ వద్దనట్లేదు. చాలా బాగుంటుంది, ఆ గ్రానైటు బండల మీద నడవడం, 1915 నాటి లైట్‌హౌస్. సిటీ బస్సు పోదు కాబట్టి నలుగురు కలిసి కారు తీసుకుని వెళ్తారు, మంచిదే. నా కోపం ఫోటో కోసం నల్లబండల మీదికి దిగేవాళ్ళ మీద. ఆ రాళ్ళు నల్లగా ఉన్నాయంటే అలలు అక్కడిదాకా వచ్చి తడుపుతున్నాయని అర్థం. నాచు పట్టి జారతాయి. సముద్రం ఎంత నెమ్మదిగా ఉన్నా ఒక్క పెద్ద అల చాలు, మనుషులు కొట్టుకుపోయారు అక్కడ. బోర్డులున్నాయి. 2021లో చూడ్డానికి డెక్ కూడా కట్టారు. అయినా కిందటి వేసవిలో నా కళ్ళ ముందే నలుగురు దిగారు, నేను అరిచి పిలిస్తే చెయ్యి ఊపారు. దయచేసి దిగకండి. ఫోన్లో మీ గొంతు వినడానికి ఎదురుచూసేవాళ్ళున్నారు.

టైమెక్కడిది అంటారని తెలుసు. వారానికి 24 గంటల పని, అసైన్‌మెంట్లు, అద్దె, లోను. నాకూ అవే ఉన్నాయి. అందుకే నేను చెప్పేవన్నీ దాదాపు బస్సు పాస్‌తో అయ్యేవి, ఒక పూటలో అయ్యేవి. ఫెర్రీ, ఫెయిర్‌వ్యూ, ఫోర్ట్ నీడమ్, ఆఫ్రిక్‌విల్. పాయింట్ ప్లెజెంట్ పార్కు కూడా, 2003లో హరికేన్ హువాన్ ఒక్క రాత్రిలో అక్కడి చెట్లని వేలల్లో కూల్చేసింది. ఇప్పుడు కనబడే కుర్ర అడవి ఆ తర్వాత లేచిందే. రెండో సెమిస్టర్‌లో ఒంటరితనంతో నేను కౌన్సెలింగ్‌కి వెళ్ళాను, అది దాచను. మందూ మాటా రెండూ పని చేశాయి. కానీ ఈ ఊరి పేర్లు నాకు మనుషుల పేర్లయ్యాకే, ఇక్కడ నేను ఊరికే గది అద్దెకి తీసుకుని లేను, ఉంటున్నాను అనిపించింది.

ఆ జూనియర్ అమ్మాయిని ఈ శనివారం తీసుకెళ్తున్నాను. ఆ అబ్బాయిని కూడా అడిగాను, చూస్తానన్నాడు. ఊరి మధ్య గుట్ట మీదున్న పాత కోట సిటాడెల్‌లో రోజూ మధ్యాహ్నం పన్నెండుకి ఫిరంగి పేలుస్తారు, క్రిస్మస్ రోజు తప్ప. పదకొండున్నరకల్లా రేవు దగ్గరుంటే, అది మోగే సమయానికి ఫెర్రీలో సరిగ్గా నీళ్ళ మధ్యలో ఉంటాం. వచ్చేవాళ్ళు రండి. పై డెక్ మీద గాలి ఎక్కువ, టోపీ తెచ్చుకోండి.