మహారాజశ్రీ సిట్టింగు గారికి, ఒక బొటనవేలి తరఫున

మహారాజశ్రీ సిట్టింగు గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ నా కుడికాలి బొటనవేలు తప్ప అందరం క్షేమం. అక్కడ తమరు, తమ ఐసుముక్కలు, సోడాలు, స్టఫ్ ప్లేట్లు క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి.

తమరంటే గౌరవం లేక రాస్తున్న ఉత్తరం కాదిది. పెళ్ళి కుదిరినా తమరే, కుదిరింది చెడినా తమరే. ప్లాటు రిజిస్ట్రేషను అయినా, ప్రమోషను రాకపోయినా, అమెరికా నుంచి ఎవరి తమ్ముడు దిగినా ముందు గుర్తొచ్చేది తమరే. అధ్యక్షుడు లేడు, నియమావళి లేదు, సభ్యత్వ రుసుము లేదు. అయినా శనివారం చీకటి పడేసరికి కోరం తప్పదు. మా అపార్ట్‌మెంటు సంఘం ఏడాదికి ఒక్కసారి కూడా సాధించలేనిది ఇది.

నా వేలికి పట్టింది గౌట్, ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకుంటే వచ్చే కీళ్ళ జబ్బు. నా ఫిర్యాదల్లా తమరి బల్ల గురించి. ముందు చల్లటి స్ట్రాంగ్ బీరు దిగుతుంది. దాని వెనకే మటన్ లివర్ ఫ్రై: మిరియాల పొడి పట్టించి, కరివేపాకు అక్కడక్కడా అంటుకుని, ప్లేటు అంచున నూనె తేలుతూ ఉంటుంది. తర్వాత బోటీ. కోస్తా మిత్రులుంటే వేయించిన నెత్తళ్ళు, రొయ్యల వేపుడు. బీరు పడనివాళ్ళకు విస్కీ, అందులో కలుపుకోవడానికి తియ్యటి కూల్‌డ్రింకు. యూరిక్ యాసిడే స్వయంగా కుర్చీ లాక్కుని కూర్చుని ఆర్డరిచ్చినా ఇంతకంటే ముచ్చటైన జాబితా చెప్పలేదు. లివరులో, నెత్తళ్ళలో ప్యూరిన్లు అనే పదార్థాలు దండిగా ఉంటాయి. ఒంట్లో అవి విరిగి యూరిక్ యాసిడ్ అవుతాయి. బీరు తన వంతు ప్యూరిన్లు తనే మోసుకొస్తుంది. ఆపైన ఆల్కహాలు. దాన్ని అరగదీసే పనిలో కాలేయం ఖర్చుపెట్టే ఏటీపీ (కణాలకు ఇంధనం లాంటిది) కూడా చివరికి యూరిక్ యాసిడ్ ఖాతాలోనే పడుతుంది. అప్పుడే తయారయ్యే లాక్టిక్ యాసిడ్ మూత్రపిండాల దగ్గర అడ్డుపడి, ఉన్న యూరిక్ యాసిడ్‌ను బయటికి పోనివ్వదు. అంటే కుళాయి పూర్తిగా తిప్పి, తూములో గుడ్డ కుక్కడం. కూల్‌డ్రింకులోని ఫ్రక్టోజు కూడా కుళాయి పక్షమే.

రక్తంలో యూరిక్ యాసిడ్ డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటిందంటే ఇక కరిగి ఉండలేదు. సోడియంతో కలిసి సూదిమొనల్లాంటి స్ఫటికాలు కడుతుంది. వాటికి చల్లటి చోటంటే ఇష్టం. ఒంట్లో అన్నిటికన్నా చల్లగా, అమాయకంగా ఉండేది పాపం బొటనవేలు. తమరు ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళిపోయాక, ఏ రెండింటికో మూడింటికో కథ మొదలవుతుంది. వేలి మొదలు ఎర్రబడి, చర్మం బిగిసి నిగనిగలాడుతూ ఉబ్బుతుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతుంది. కనుక మంచం చివర రెండు తలగడలు నిలబెట్టి, వాటి మీద దుప్పటిని పందిరిలా పరిచి, కింద ఆ వేలిని మాత్రం కొత్త పెళ్ళికొడుకులా కూర్చోబెట్టాలి. తెల్లవారి ఇల్లు ఊడ్చే ఆవిడ చీపురు మంచం దగ్గరికి వస్తుంటే ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో కేక వేస్తారు.

ఇదంతా తమరికి తెలియదని కాదు. తమరి సభలో వైద్య విభాగం కూడా ఉంది కదా. మూడో పెగ్గు తర్వాత అది పనిచేయడం మొదలుపెడుతుంది. "బీరు ఒక్కటీ మానెయ్ బావా, విస్కీ ఏమీ చెయ్యదు" అంటుంది. ఇది పూర్తిగా అబద్ధమైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అమెరికాలో 47 వేల మందికి పైగా మగవాళ్ళను 12 ఏళ్ళు గమనిస్తే, గౌట్ తెచ్చిపెట్టడంలో బీరుది మొదటి స్థానం, విస్కీ వంటివి దాని తర్వాత, వైన్ మీద మాత్రం నేరం రుజువు కాలేదు. తమరి వైద్యులు ఇక్కడితో పేజీ మూసేశారు. ఆ 47 వేల మందికీ మొదట్లో గౌట్ లేదు. ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఇప్పటికే గౌట్ ఉన్న 724 మందిని చూసిన మరో అధ్యయనం 2014లో వచ్చింది. అందులో బీరు, విస్కీ, వైన్ మూడూ ఒకే బోనులో నిలబడ్డాయి. తాగిన 24 గంటల్లో నొప్పి తిరగబెట్టే ముప్పు పెరిగింది, అదీ ఎంత తాగితే అంత. సీసా మార్చినంత మాత్రాన వేలు మోసపోదు.

"కల్లు తాగు అన్నా, చెట్టు నుంచి దిగింది" అనేది ఇంకో సలహా. చెట్టు నుంచి దిగింది నిజమే, దిగాక పులిసింది కూడా నిజమే. పులిశాక దానిలో ఆల్కహాలు లేదని తాడిచెట్టు కూడా అనదు. "బీరు కిడ్నీలో రాళ్ళను కడిగేస్తుంది" అనే మహావాక్యం సంగతి సరేసరి. యూరిక్ యాసిడ్ పెరిగినవాళ్ళకు అదే యాసిడ్‌తో రాళ్ళు కట్టే ప్రమాదం ఎక్కువ. వాటిని కడగడానికి బీరు పోయమనేది తమరి ఇంజనీరింగు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా గొంతు తగ్గించి చెబుతారు: "ఇవాళ సిట్టింగు కదా, ఆ మాత్ర ఇవాళ్టికి ఆపెయ్." ఆ మాత్ర పేరు అల్లోప్యూరినాల్, అది పండుగ రోజు సెలవు తీసుకునే ఉద్యోగి కాదు. యూరిక్ యాసిడ్‌ను 6 కన్నా కింద ఉంచాలంటే రోజూ డ్యూటీ చేయాలి. దాన్ని కనిపెట్టే పనిలో ఉన్న గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి ఇచ్చారు. తమరి సభలో మాత్రం దానికి విలువ వేరుశనగ పప్పు పాటి కూడా లేదు.

మధ్యలో ఒక అసూయ చెప్పుకోవాలి. తమరి బల్ల కింద ఒక వీధికుక్క పడుకుంటుంది. మేం పారేసిన లివరు ముక్కలు, బొమికలు అన్నీ అదే తింటుంది, తెల్లారి నాలుగు కాళ్ళ మీదా పరుగెత్తుతుంది. కారణం, దాని ఒంట్లో యూరికేస్ అనే ఎంజైము ఉంది. యూరిక్ యాసిడ్‌ను సులువుగా కరిగే పదార్థంగా మార్చి బయటికి పంపేస్తుంది. మన పూర్వీకులు సుమారు కోటిన్నర ఏళ్ళ కిందటే దాన్ని పోగొట్టుకున్నారు. ఆస్తి పంపకాల్లో మనకు రావలసిన వాటా కుక్కలకు పోయిందన్నమాట.

తప్పంతా తమరిదేనని నేననను. ఆ పని చేయడానికి బంధువులున్నారు. ఒంట్లోని యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు ఒళ్ళే తయారు చేసుకుంటుంది, తిండి వాటా మిగిలిన ఒక్కటే. చాలామందిలో అసలు చిక్కు మూత్రపిండాలు దాన్ని సరిగా బయటికి పంపకపోవడం, దానిలో వంశపారంపర్యం పాత్ర పెద్దది. చుక్క ముట్టని మా పెద్దమ్మకు బీపీ కోసం వాడే నీళ్ళ మాత్రలతో గౌట్ వచ్చింది. కాలికి కట్టుతో ఆవిడ గుడికి వెళ్తే, దర్శనానికి వచ్చినవాళ్ళంతా ఆవిడ కొంగు చివర సీసా కోసం వెతికినట్టే చూశారు. నాకు మాత్రం ఇంట్లో ముందు టమాటా బంద్ చేశారు, తర్వాత పప్పు, ఆ తర్వాత పాలకూర. ప్యూరిన్లున్న కూరగాయల వల్ల గౌట్ ముప్పు పెరగదని తేలి చాలా కాలమైంది. లివర్ ఫ్రై మాత్రం ఏ బంధువు నిషేధ జాబితాలోనూ లేదు. అది ఇంట్లో వండరు కదా.

తమరికి ఇది కొత్త కేసు కూడా కాదు. చరకసంహితలో వాతరక్తం అనే అధ్యాయం ఉంది, అది గౌట్ లాంటి జబ్బే. ఆ జబ్బుకే ఆఢ్యవాతమని, అంటే డబ్బున్నవాళ్ళ వాతమని మరో పేరు. కారణాల జాబితాలో మాంసం, సుర, ఆసవాలనే మద్యాలు వరుసగా కనిపిస్తాయి. అంటే తమరి పేరు చార్జిషీటులో అప్పుడే ఎక్కింది. అదే జాబితాలో గుర్రాలు, ఒంటెలు ఎక్కి తిరగడం కూడా ఉంది. ఆ ఒక్కదాన్నీ నేను పూర్తిగా మానేశాను.

ఇక అసలు సంగతి. నేను రావడం మానను. "బావ మారిపోయాడు", "చెల్లెమ్మ పర్మిషన్ ఇవ్వలేదేమో", "ఒక్క పెగ్గుకు ఏమవుతుంది" అనే మూడు మంత్రాలు తమరు ఎంత సేపైనా చదువుకోవచ్చు. నా ముందు నిమ్మకాయ సోడా ఉంటుంది. గ్లాసు ఖాళీగా కనిపిస్తే చాలు పక్కవాడు అడక్కుండానే వంచే తమరి ఆచారాన్ని దృష్టిలో పెట్టుకుని, గ్లాసు మీద అరచెయ్యి మూసి కూర్చుంటాను. లివరు ప్లేటును బల్ల అవతలి కొసకు జరిపించండి. వాసన వరకు అభ్యంతరం లేదు.

చివరిగా బిల్లు. ఎంతయినా తలకింత అని సమానంగా పంచడం తమరి సంప్రదాయం. పోయినసారి రెండు సోడాలు, ఒక కీరా ముక్కల ప్లేటుకు గాను నా వాటాకు సగం ఫుల్ బాటిల్ ఖరీదు పడింది. అందులోనూ అమెరికా తమ్ముడు వాలెట్ మరిచిపోయాడు. ఇకపై నా సోడా డబ్బులు నేను వేరుగా కడతాను. చిల్లర లేదనకండి, ఫోనులో పంపిస్తాను.

ఇట్లు,
తమ పాత సభ్యుడు,
ప్రస్తుతం ఒంటి చెప్పుతో