ఎప్సమ్‌లో ఓడిన రజీన్, మన పందేలకు తండ్రి అయిన రజీన్

బెంగళూరు రేస్‌కోర్సులో పందేనికి ముందు గుర్రాలను పాడాక్‌లో తిప్పుతున్నప్పుడు, చుట్టూ చేరిన మన తెలుగువాళ్ల చూపు రేస్‌బుక్‌లో జాకీ, ట్రైనర్ పేర్ల దగ్గరే ఆగిపోతుంది. హిందూపురం నుంచి రైలెక్కి వచ్చే మా పెదనాన్న మాత్రం గుర్రం పేరు దగ్గర చిన్న అక్షరాల్లో ఉన్న తల్లిదండ్రుల పేర్ల మీద వేలు పెట్టి, "రజీన్ సంతానంరా, నడక చూడు" అనేవారు.

రజీన్ 1987లో పుట్టిన పందెపు గుర్రం. అప్పటికి 26 ఏళ్లున్న నార్తర్న్ డాన్సర్ అతని తండ్రి. 1964లో అమెరికాలోని పేరున్న పందెం కెంటకీ డర్బీని సరిగ్గా 2 నిమిషాల్లో గెలిచిన ఆ కెనడా గుర్రాన్ని, ఏడాది పిల్లగా ఉన్నప్పుడు, పొట్టిగా ఉందని 25 వేల డాలర్లకు కూడా ఎవరూ కొనలేదు. తరువాత అది 18 పందేల్లో 14 గెలిచింది, మిగిలిన నాలుగింటిలోనూ మొదటి మూడు స్థానాలు దాటలేదు. అటువంటి తండ్రి పేరుతో, బ్రిటన్ ట్రైనర్ హెన్రీ సెసిల్ శిక్షణలో 1990లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డర్బీ పందేనికి ఫేవరెట్‌గా, అంటే గెలుస్తాడని ఎక్కువమంది నమ్మిన గుర్రంగా, వెళ్లిన రజీన్ అక్కడ ఏ స్థానమూ దక్కించుకోలేకపోయాడు. గెలిచింది క్వెస్ట్ ఫర్ ఫేమ్ అనే గుర్రం. ఆ ఓటమి తరువాతే అతను హర్యానాలోని ఉషా స్టడ్ అనే గుర్రాల పెంపక కేంద్రానికి చేరి, మన దేశంలో పలు ఏళ్లు ఛాంపియన్ సైర్‌గా, అంటే మేటి తండ్రి గుర్రంగా, నిలిచాడు.

దీన్ని అదృష్టమని సరిపెట్టుకోవడం నాకు అంగీకారం కాదు. ఒక మధ్యాహ్నం ఎప్సమ్ ట్రాక్ దిగుడులో కాలు కుదరకపోవడం ఆ గుర్రం ఒక్కదాని అనుభవం. పిల్లలకు అందేది ఆ ఫలితం కాదు, ఎముక, ఊపిరి, స్వభావం. పైగా థరోబ్రెడ్ అనే ఈ పందెపు జాతి నియమాల ప్రకారం కృత్రిమ గర్భధారణ చెల్లదు, చూలు సుమారు 11 నెలలు, పిల్ల రెండేళ్లకు గానీ పందేనికి దిగదు. అంటే ఒక స్టాలియన్‌పై, అదే పిల్లల కోసం ఉంచే మగ గుర్రంపై, తొలి తీర్పుకే దాదాపు మూడేళ్లు ఓపిక పట్టాలి.

అయితే ఆ తీర్పులోనూ ఒక అన్యాయం ఉంది. ఛాంపియన్ సైర్‌ను నిర్ణయించేది సంతానం గెలిచిన సొమ్ము. ఏటా పదుల కొద్దీ పిల్లలకు తండ్రి కాగల స్టాలియన్ ఆ పట్టికలో వెలుగుతుంటే, ఏడాదికి ఒక్క పిల్లనే కనే తల్లి గుర్రం, ఆ పిల్ల రక్తంలో సగం తనదే అయినా, కనిపించకుండా పోతుంది. పేరున్న స్టాలియన్‌కు మేలైన ఆడ గుర్రాలే జతపడతాయి కనుక అతని ఖాతాలో పడే గెలుపుల్లో వాటి వాటా చిన్నది కాదు. రజీన్ కీర్తిని నేను తగ్గించడం లేదు, అందులో ఉషా స్టడ్ తల్లుల పేర్లు కూడా కలపమంటున్నాను.

పెదనాన్న వేలు ముందు తండ్రి పేరు మీద ఆగినా, పెన్సిలుతో గీత గీసేది మాత్రం తల్లి పేరు కిందే.