కుక్క తోడుంటుంది, వైద్యం చేయదు

డాక్టరు ఎన్ని అడిగినా పెదవి విప్పని పిల్లవాడు, గదిలో కుక్క ఉంటే దాని చెవులు నిమురుతూ దానితో కబుర్లు మొదలుపెడతాడు. కాసేపటికి ఆ కబుర్లలోకి డాక్టరూ చేరతాడు. అమెరికాలో బాలల మనస్తత్వవేత్త బోరిస్ లెవిన్సన్ తన కుక్క జింగిల్స్ వల్ల కనిపెట్టింది ఇదే. 1960ల మొదట్లో ఆ సంగతి చెబితే నవ్వినవాళ్లూ ఉన్నారు. 1796లో ఇంగ్లండులోని యార్క్‌లో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు తెరిచిన మానసిక చికిత్సాలయం ఆవరణలో రోగుల మధ్య కుందేళ్లు, కోళ్లు తిరిగేవని వాళ్లకు గుర్తు రాలేదేమో.

ఇప్పుడు నవ్వేవాళ్లు తగ్గారు, నమ్మేవాళ్లు మరీ ఎక్కువయ్యారు. మా బెంగ అదే. మచ్చిక జంతువు దగ్గరుంటే ఆందోళన కాసేపు తగ్గడం నిజం. యుద్ధం నుంచి తిరిగొచ్చి పీడకలలతో నలిగే సైనికుణ్ని శిక్షణ పొందిన కుక్క నిద్రలేపడమూ నిజమే. కానీ జంతువుల తోడుతో చికిత్స అనే ఈ రంగంలో చాలా అధ్యయనాలు కొద్దిమందితో, కొద్దికాలం జరిగినవి. మాత్ర విషయంలోనైతే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూడొచ్చు, ఉత్తుత్తి కుక్కను ఎక్కడ తెస్తాం? కుక్కను తెచ్చుకున్నాం కదా అని మందులు మానేయడం ప్రమాదం. డాల్ఫిన్లతో ఈదితే ఆటిజం నయమవుతుందనే ప్రచారమైతే శుద్ధ వ్యాపారం.

రోగి గురించి ఇంత మాట్లాడేవాళ్లు జంతువు వైపు చూడరు. వరసగా పదిమంది చేతులు మీద పడితే కుక్క నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, మూతి నాక్కుంటుంది, ముఖం పక్కకు తిప్పుకుంటుంది, తోక ముడుస్తుంది. ఇక చాలని అది చెప్పే తీరు అదే. దాన్ని పట్టుకున్న మనిషికి ఆ భాష రాకపోతే ఓ రోజు మీద పడి కరుస్తుంది, నింద మాత్రం కుక్కకే.

పెంపుడు జంతువు తన మానసిక ఊరటకు అవసరమని చూపే ఉత్తుత్తి ధ్రువపత్రాలది మరో గోల. మానసిక ఊరట కోసమంటూ నెమలి దాకా విమానాల దగ్గరికి తీసుకొచ్చే సరికి, అలాంటి జంతువులను విమాన సంస్థలు సేవా జంతువులుగా, అంటే వికలాంగులకు సాయపడేలా శిక్షణ పొందినవాటిగా, గుర్తించనక్కర్లేదని అమెరికా రవాణా శాఖ 2020 డిసెంబరులో తేల్చేసింది. వేషగాళ్ల వల్ల నిజంగా అవసరమున్నవాళ్లూ అనుమానపు చూపులు భరించాల్సి వచ్చింది.

ఆసుపత్రులు జంతువులను రానివ్వాలనే మేమూ అంటున్నాం. అయితే ఏ రోగికి ఎందుకు, ఎన్నాళ్లు అన్నది మానసిక వైద్యుడు కేసు కాగితం మీద రాయాలి. అలర్జీ ఉన్నవాళ్లను, కుక్కంటే భయపడేవాళ్లను ముందే అడగాలి. టీకాలు, పశువైద్యుడి తనిఖీ తప్పనిసరి కావాలి. పని ఎంతసేపు, విశ్రాంతి ఎప్పుడు అన్నది కూడా నిబంధనల్లో ఉండాలి. కుక్క ముఖం తిప్పుకున్న క్షణాన, రోగి ఇంకాసేపని బతిమాలినా, దాన్ని బయటికి తీసుకెళ్లే అధికారం పట్టుకున్న మనిషికి ఉండాలి.