అద్దె ఫ్లాటుకు అప్పు: బ్యాంకు ముందుకు రానిచోట మనకెందుకంత ధీమా?

హైదరాబాదులో రెండో ఫ్లాటు కొనేవారు తరచూ చెప్పే మాట ఒకటుంది: ‘అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయి.’ లెక్క వేస్తే అది నిలబడదు.

80 లక్షల ఫ్లాటు అనుకుందాం. గృహరుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదు. అంటే 64 లక్షలు. మిగిలిన 16 లక్షలు మనవే. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం చొప్పున ఇంకో 6 లక్షలు కూడా మన జేబులోంచే పోతాయి. 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 53,500 రూపాయలు. ఏడాదికి ఆస్తి విలువలో 3 శాతం అద్దె వచ్చినా నెలకు 20 వేలే. మొదటి నెల వడ్డీయే 42 వేలు దాటుతుంది. మెయింటెనెన్సు, ఇంటి పన్ను, ఖాళీగా ఉండే నెలలు ఇందులో కలపనే లేదు. ఇది అద్దె కోసం పెట్టే పెట్టుబడి కాదు, ధర పెరుగుతుందని కాసే పందెం. పందెం కాయవద్దని అనను. పందెమని తెలిసి కాయాలి.

పన్ను మినహాయింపు ఆదుకుంటుందన్న ఆశ కూడా పాతబడింది. పాత పన్ను విధానంలో అద్దె కన్నా వడ్డీ ఎక్కువై ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతం నుంచి ఏడాదికి 2 లక్షల వరకే తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వెసులుబాటూ లేదు.

ఇంతవరకూ నష్టమొచ్చినా తట్టుకోవచ్చు. నన్ను కలవరపెట్టేది ప్రీలాంచ్. అనుమతులు రాకముందే, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు లేకుండానే, మొత్తం సొమ్ము ముందే కడితే చదరపు అడుగు ధర బాగా తగ్గిస్తామంటారు. రెరా చట్టం నమోదుకు ముందు అమ్మకాన్నే నిషేధించింది. నమోదయ్యాక కూడా, రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదంది. అనుమతి పత్రాలే లేని భవనానికి బ్యాంకు గృహరుణం ఇవ్వదు. అందుకే కొనేవారు బంగారం తాకట్టు పెడతారు, వ్యక్తిగత రుణం తీసుకుంటారు, ఊళ్లో పొలం అమ్ముతారు. గృహరుణమైతే నిర్మాణం సాగినకొద్దీ విడతలుగా విడుదలవుతుంది, పని ఆగితే మిగతా సొమ్మూ ఆగుతుంది. ఇక్కడ ఆ కళ్లెం మన చేతిలో ఉండదు. పైగా బిల్డరు తక్కువ ధరకు ఇస్తున్నాడంటే, బ్యాంకుకు కట్టాల్సిన వడ్డీని మన సొమ్ముతో మిగుల్చుకుంటున్నాడనే అర్థం.

ఉన్న ఇంటిని తనఖా పెట్టి రెండోది కొనడం మరో దారి. వడ్డీ సాధారణంగా గృహరుణం కన్నా ఎక్కువ, గడువు తక్కువ. పందెం తప్పితే పోయేది తలదాచుకునే ఇల్లే కాబట్టి స్థిరమైన జీతం లేనివారు దాని జోలికి పోకపోవడమే మేలు.

ఏ వెంచరుకు వెళ్లినా ముందు అడగాల్సింది ధర కాదు, ఏయే బ్యాంకులు దీనికి రుణం ఇస్తున్నాయని. ‘త్వరలో వస్తాయండీ’ అని సేల్స్ కుర్రాడు నవ్వితే, చెక్కు పుస్తకం బయటికి తీయకుండానే వచ్చేయవచ్చు.