కోవర్టు: నిరూపణ అడగని నింద

ఇంగ్లీషులో 'కోవర్ట్' ప్రధానంగా విశేషణం. చాటుగా సాగేది అని అర్థం. నామవాచకంగా వాడితే వేటజంతువులు దాక్కునే పొద. మనిషిని మాత్రం ఆ మాటతో పిలవరు. మనం పిలుస్తాం, మనవాడిలా మెలుగుతూ చాటుగా అవతలివాళ్లకు పనిచేస్తాడనుకున్నవాణ్ని. 'కోవర్టు ఆపరేషన్'లో ఆపరేషన్ రాలిపోయి, మిగిలిన ముక్కకు కాళ్లూ చేతులూ వచ్చాయి. మొబైల్ ఫోను మొబైల్ అయినట్టే. కాకపోతే మొబైల్ అనిపించుకుని ఎవరూ ప్రాణం పోగొట్టుకోలేదు.

మనకు మాటలు లేక తెచ్చుకున్నది కాదిది. వేగులవాడిది కొలువు, వర్తకుడి వేషం, తాపసి వేషం అంటూ అర్థశాస్త్రం ఆ కొలువులో తరగతులే చెప్పింది. కొండెగాడిది బుద్ధి. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అని మనం ఆడిపోసుకునే విభీషణుడు కూడా నిండుసభలో అన్న ముఖాన చెప్పి మరీ వెళ్లినవాడే.

కోవర్టు వీళ్లెవరిలాంటివాడూ కాదు. పక్కన వచ్చే క్రియను చూడండి. 'ఇన్ఫార్మర్‌గా పనిచేశాడు' అంటాం, 'కోవర్టుగా మారాడు' అంటాం. మొదటిది పని. ఎప్పుడు, ఎవరికి, ఏం చెప్పాడని అడగవచ్చు. రెండోది స్వభావం మీద తీర్పు. దానికి తేదీ ఉండదు, సాక్షి ఉండడు. పైగా ఎంత నమ్మకంగా మెలిగితే అంత అనుమానం: నమ్మకంగా కనిపించడమే కదా కోవర్టు పని!

నిజానికి ఇన్ఫార్మర్ అన్న ముద్రకే అడ్డు లేదు. సమాచారం ఎక్కడిదో చెప్పమని పోలీసు అధికారిని బలవంతపెట్టరాదని 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 125వ సెక్షన్ చెప్పింది. ఇన్ఫార్మర్‌ను కాపాడే ఆ మౌనం, ఇన్ఫార్మర్ కానివాడిని కాపాడలేదు. ఊరి బయట శవం, పక్కన 'పోలీసు ఇన్ఫార్మర్' అని రాసిన కాగితం. కాదని చెప్పగలిగినవాళ్లు చెప్పరు, చెప్పినా నమ్మేవాళ్లుండరు.

కోవర్టులు అసలే లేరా అంటారు. ఉన్నారు. నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ నుంచి బయటికొచ్చిన నయీం 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయేనాటికి అతని చుట్టూ అల్లుకున్న కోవర్టు కథలు అందరికీ తెలిసినవే. ఉన్నవాళ్లకు పేరు పెట్టడం తప్పు కాదు. పేరును ముందు పెట్టుకుని మనిషి కోసం వెతకడమే తప్పు.

అడవిలో పుట్టిన ఆ అనుమానం ఇప్పుడు పార్టీ కార్యాలయాలకు చేరింది. 2022 డిసెంబరులో తెలంగాణ కాంగ్రెస్ రచ్చంతా ఈ మాట చుట్టూనే తిరిగింది. పదవుల మీద అలిగినవాడు కోవర్టు, ప్రశ్నించినవాడు కోవర్టు. భిన్నాభిప్రాయానికి జవాబు వెతుక్కునే శ్రమ తప్పింది.

నా అసలు ఫిర్యాదు పత్రికల మీద. ఠాణా నుంచి వచ్చిన మాటను కడగకుండా అచ్చువేయడం మనకు పాత అలవాటు. 'ఎన్‌కౌంటర్' అంటే తారసపడటం. మన దగ్గర చావు. 'ఎదురుకాల్పులు' అని తెనిగించినా పోలీసు కథనం చెక్కుచెదరలేదు, ఎదురుగా ఎవరు కాల్చారో తేలకముందే శీర్షిక తేల్చేసింది. కోవర్టు తర్వాత 'అన్న ఆరోపణ ఎదుర్కొంటున్న' అని చేర్చమంటే చోటు చాలదంటారు. కోవర్టు మూడక్షరాలే, శీర్షికలో చక్కగా ఇముడుతుంది.