ట్రామ్ బళ్ళ మేయర్

ఉక్రెయిన్‌లో విన్నిట్సియా అనే ఊరి పేరు మన తెలుగు ఇళ్ళలో చాలామంది 2022 ఫిబ్రవరి చివర్లోనే మొదటిసారి విని ఉంటారు. అక్కడ మెడిసిన్ చదివే పిల్లలు భయంభయంగా వీడియో కాల్స్ చేసి, దొరికిన బస్సు ఎక్కి బోర్డర్‌కి బయల్దేరితే ఇక్కడ అమ్మానాన్నలు ఫోన్లో మ్యాప్ తెరిచి ఆ ఊరు ఎక్కడుందా అని వెతుక్కున్న రోజులవి. పిల్లలు ఇంటికొచ్చేశారు, ఊరి పేరు మర్చిపోయాం. కానీ ఆ ఊరికి ఎనిమిదేళ్ళు మేయర్‌గా చేసి, అక్కణ్ణుంచి దేశానికి ప్రధాని దాకా వెళ్ళి, తర్వాత ఎన్నికల్లో అడ్రస్ లేకుండా పోయిన వొలొదిమిర్ గ్రోయిస్మన్ కథ మాత్రం మన మున్సిపాలిటీల గురించి ఆలోచించేవాళ్ళు కాస్త ఆగి చూడాల్సిందే అని మా అభిప్రాయం.

ఊరు మరీ పెద్దదేం కాదు, జనాభా 3 లక్షల 70 వేల దాకా ఉంటుంది, అంటే ఇంచుమించు మన రాజమండ్రి అంత అనుకోండి, గోదావరి బదులు దక్షిణ బూగ్ నది. గ్రోయిస్మన్ 1978లో అక్కడే పుట్టారు, యూదు కుటుంబం, 1994లో పదహారేళ్ళకే ఫిట్టర్‌గా పనిలో చేరి తర్వాత వ్యాపారంలోకి వచ్చారు. 2002లో సిటీ కౌన్సిల్ మెంబర్, 2006లో మేయర్. అప్పటికి వయసు 28. అక్కడ మన జిల్లా కేంద్రాల్లాంటి ఊళ్ళకి అంత చిన్నవయసు మేయర్ లేరప్పుడు. 2010లో మళ్ళీ నిలబడితే 77 శాతం పైనే ఓట్లు పడ్డాయి, అంత మెజారిటీ ఊరికే రాదు కదా.

ఎందుకొచ్చిందంటే, ట్రామ్‌ల దగ్గర మొదలుపెట్టాలి. విన్నిట్సియాలో ట్రామ్ లైన్ 1913 నాటిది, పట్టాల మధ్య దూరం సరిగ్గా ఒక మీటర్. స్విట్జర్లాండ్‌లో జ్యూరిచ్ ట్రామ్ పట్టాలు కూడా అంతే. జ్యూరిచ్ వాళ్ళు కొత్త బళ్ళు కొనుక్కుని పాతవి తీసేస్తుంటే, ఆ పాతవి విన్నిట్సియాకి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది, కొన్నేళ్ళ పాటు విడతలు విడతలుగా వందకి పైగా బళ్ళు వచ్చాయి. దశాబ్దాలు తిరిగిన బళ్ళే గానీ స్విస్ వాళ్ళ మెయింటెనెన్స్ కదా, కండిషన్‌లో ఉన్నాయి, ఆ జ్యూరిచ్ నీలం తెలుపు రంగులతోనే రోడ్డెక్కాయి. సెకండ్ హ్యాండ్ సరుకు తెచ్చుకోవడంలో గొప్పేముంది అంటారేమో, చేతిలో డబ్బు లేని ఊరు పట్టాల కొలత కలిసిన ఊరిని పట్టుకుని పని జరిపించుకోవడమే గొప్ప, కొత్త మెట్రో అని శంకుస్థాపన చేసి పదేళ్ళు బోర్డు పెట్టి ఉంచడం కన్నా ఇది చాలా నయం. దాంతో పాటు మార్ష్రుట్కాలు, అంటే మన సెవెన్ సీటర్ ఆటోకి పెద్దన్న లాంటి ప్రైవేటు మినీ బస్సులు, వాటిని తగ్గించి పెద్ద బస్సులు, ట్రామ్‌ల చుట్టూ రూట్లు మళ్ళీ గీశారు.

2008లో "పారదర్శక ఆఫీసు" అని పెట్టారు, గోడలూ గదులూ లేని హాల్లో కౌంటర్లు, సర్టిఫికెట్లూ పర్మిషన్లూ అన్నీ ఒకే చోట, ఏ ఫైలు ఏ సారు టేబుల్ మీద ఉందో అని తిరిగే పనిలేదు. ఆ మాటకొస్తే మన హైదరాబాద్‌లో ఈసేవ 2001లోనే వచ్చింది, ఆ క్రెడిట్ మనం వదులుకోనక్కర్లేదు. ఏదేమైనా ఉక్రెయిన్‌లో బతకడానికి బాగున్న ఊళ్ళ సర్వేల్లో విన్నిట్సియా చాలాసార్లు ముందు వరసలో నిలిచింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 2011లో నదిలో పెద్ద లైట్ల ఫౌంటెన్ పెట్టారు, దాని పేరు రోషెన్, అది పెట్రో పొరోషెంకో చాక్లెట్ కంపెనీ పేరు. పొరోషెంకో ఆ ఊరి నుంచి ఎంపీగా గెలిచినాయన, గ్రోయిస్మన్‌కి రాజకీయంగా పెద్ద దిక్కు. అప్పటి ప్రభుత్వాన్ని దించేసిన మైదాన్ ఉద్యమం తర్వాత గ్రోయిస్మన్ 2014 ఫిబ్రవరిలో ఉప ప్రధాని, నవంబర్‌లో పార్లమెంటు స్పీకర్, 2016 ఏప్రిల్ 14న 257 ఓట్లతో ప్రధాని, వయసు 38. ఇంత స్పీడు ప్రతిభ ఒక్కదాని వల్లే వచ్చిందని మేము నమ్మం, 2014 జూన్ నుంచి దేశాధ్యక్షుడు పొరోషెంకోనే మరి.

ప్రధానిగా చేసింది తక్కువేం కాదు. 2017 జనవరిలో కనీస వేతనం 1600 హ్రివ్నాల (అక్కడి కరెన్సీ) నుంచి 3200కి ఒక్కసారే డబుల్ చేశారు, పెన్షన్లు, వైద్యం మీద సంస్కరణలు వచ్చాయి. కానీ ఐఎంఎఫ్ అప్పు కావాలంటే గ్యాస్ ధర పెంచాలి, 2018 నవంబర్‌లో 23.5 శాతం పెంచారు, చలికాలం ముందు అలా పెంచితే జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా. 2019 మే 20న జెలెన్‌స్కీ కొత్త అధ్యక్షుడిగా ప్రమాణస్వీకారం చేసి పార్లమెంటు రద్దు అన్నారు, అదే రోజు గ్రోయిస్మన్ రాజీనామా ప్రకటించి సొంత పార్టీతో బరిలోకి దిగితే జులైలో వచ్చింది 2.41 శాతం. పార్టీ జాబితా మీద సీట్లు రావాలంటే 5 శాతం దాటాలి. ఆగస్టు చివరి దాకా కొత్త ప్రభుత్వం వచ్చేవరకు కుర్చీలో ఉండి దిగిపోయారు, తర్వాత ప్రధాని అయిన హొంచరుక్‌కి 35 ఏళ్ళే, అంటే చిన్నవయసు ప్రధాని అనే రికార్డు కూడా పోయింది.

మా దృష్టిలో అసలు పని ప్రధాని కాకముందే మొదలైంది. 2014 ఏప్రిల్ 1న, ఆయన ఉప ప్రధానిగా ఉండగా, స్థానిక సంస్థలకి అధికారాలు ఇచ్చే ప్లాన్‌కి కేబినెట్ ఓకే చెప్పింది. 2015లో చట్టం వచ్చింది, చిన్న చిన్న గ్రామాలు కలిసి ఒక హ్రొమాదాగా ఏర్పడితే అక్కడ వసూలయ్యే వ్యక్తిగత ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 60 శాతం వాళ్ళకే, మధ్యలో తాలూకా ఆఫీసు చేతుల మీదుగా రావక్కర్లేదు. పది వేలకి పైగా ఉన్న కౌన్సిళ్ళు 2020 నాటికి 1469 హ్రొమాదాలయ్యాయి. దీన్ని రాజ్యాంగంలో రాయాలని 2015 ఆగస్టు 31న గ్రోయిస్మన్ స్పీకర్ కుర్చీలో ఉండి ఓటింగ్ పెడితే 265 ఓట్లు పడ్డాయి, కానీ అందులో తూర్పున రష్యా అనుకూల వేర్పాటువాదులతో పోరు నడుస్తున్న డాన్‌బాస్ ప్రాంతానికి ప్రత్యేక ఏర్పాట్ల క్లాజు కూడా ఉందని బయట గొడవ, గ్రెనేడ్ పేలి నేషనల్ గార్డ్ కుర్రాళ్ళు చనిపోయారు. సవరణ అక్కడే ఆగింది, చట్టాలతోనే నెట్టుకొచ్చారు.

దీని విలువ 2022లో తెలిసింది. యుద్ధం మొదలైన రోజుల్లో కీవ్ నుంచి ఆర్డర్ వచ్చేదాకా కూర్చోకుండా చాలా ఊళ్ళు తమ బడ్జెట్‌తో తామే ఇల్లూవాకిలీ వదిలి వచ్చినవాళ్ళకి బడుల్లో పడకలు వేశాయి. మెలిటోపోల్ మేయర్ ఇవాన్ ఫెడొరోవ్‌ని రష్యన్ సైన్యం మార్చి 11న ఎత్తుకుపోయిందంటే మేయర్ అనేవాడికి అక్కడ ఎంత బరువుందో శత్రువుకి కూడా తెలిసిందనే కదా. మన దగ్గర ఫైలు మీద సంతకం కమిషనర్‌ది, రిబ్బన్ మేయర్‌ది, కౌన్సిల్ గడువు అయిపోతే ఎన్నికలు పెట్టేదాకా స్పెషల్ ఆఫీసర్. మున్సిపాలిటీలకి అధికారాలు ఇవ్వాలన్న 74వ రాజ్యాంగ సవరణ వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది.

2022 జులై 14న రష్యా క్షిపణులు విన్నిట్సియా నడిబొడ్డున పడి పాతిక మందికి పైగా చనిపోయారు, పిల్లలు కూడా ఉన్నారు. ఆ తర్వాత కూడా జ్యూరిచ్ ఇంకో విడత ట్రామ్‌లు ఇచ్చింది, ఈసారి 'ట్రామ్ 2000' మోడల్. ఇక ఆ 2.41 శాతం సంగతి, అది దేశం మొత్తం లెక్క. ఏడాది దాటి మూడు నెలలకి, 2020 అక్టోబర్ స్థానిక ఎన్నికల్లో విన్నిట్సియా కౌన్సిల్‌లో ఎక్కువ సీట్లు గ్రోయిస్మన్ పార్టీవే, మేయర్‌గా మళ్ళీ గెలిచిన సెర్హీ మొర్హునోవ్ కూడా ఆ పార్టీ టికెట్ మీదే నిలబడ్డారు.